కళ్లం దగ్గరి ధర ఎంత మారిందో లెక్క కట్టడం ఎలా?

భీమవరం వైపు రొయ్య ధర పడిపోయిందనీ, అంబాజీపేటలో కొబ్బరి లేచిందనీ, ఇటుక ధర మండిపోతోందనీ గోదావరి డెల్టాలో రోజూ వింటూనే ఉంటాం. ఆ మాటలు నిజమే కావచ్చు గాని, ఎవరి చేతికి అందిన ధర, ఏ కొలతకు, ఎప్పటితో పోల్చి అన్న మూడు సంగతులు తెలియకపోతే వాటిని లెక్కలోకి తీసుకోలేము. పండించినవారికి, తయారుచేసినవారికి, కట్టినవారికి, సేవ చేసినవారికి చేతికందే ధరను ఉత్పత్తిదారు ధర అంటారు. కొనేవారి మీద పడే పన్నుగాని, దుకాణదారు లాభంగాని, విడిగా వసూలు చేసే కిరాయిగాని అందులో చేరవు.

ఈ తేడాకు సిమెంటు మంచి ఉదాహరణ. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కర్మాగారం ధర బస్తాకు రూ. 280 అనుకుంటే, పన్నుతో కలిపి అంతకుముందు రూ. 358.40 అయ్యేది, ఆ తరువాత రూ. 330.40 అయింది. ఇల్లు కట్టుకునేవారికి రూ. 28 మిగిలింది, కర్మాగారం ధర మాత్రం ఒక్క పైసా కూడా మారలేదు. కనుక ధరలు రాసుకునే పుస్తకంలో మొదటి గడి పన్ను లేని ధరకే కేటాయించాలి.

ధాన్యం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డెల్టాలో బస్తా అంటే 75 కిలోలు, మద్దతు ధరను మాత్రం క్వింటాకు ప్రకటిస్తారు. సాధారణ రకానికి 2024-25లో రూ. 2,300గా ఉన్న మద్దతు ధర 2025-26లో రూ. 2,369 అయింది. బస్తా లెక్కన చూస్తే రూ. 1,725 కాస్తా రూ. 1,776.75 అయింది, అంటే పెరుగుదల 3 శాతం. అయితే ఇది ప్రకటించిన ధర. మనం రాయవలసింది కాటా అయ్యాక నిజంగా చేతికి వచ్చినది. కళ్లంలో వ్యాపారి బస్తాకు రూ. 1,500 ఇస్తానని, తేమ పేరు చెప్పి రెండు కిలోల తరుగు అదనంగా వేయించుకున్నాడనుకుందాం. నోటి మాటగా ధర నిలకడగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కాని 75 కిలోలకు వచ్చినప్పుడు కిలో రూ. 20 పడిన ధాన్యం, 77 కిలోలకు అదే సొమ్ము వచ్చేసరికి రూ. 19.48కి దిగింది, అంటే దాదాపు 2.6 శాతం తగ్గింది. బేరంలో ఎక్కడా వినిపించని ఈ తగ్గుదలను పట్టుకోవడానికి ఒకటే మార్గం: బస్తా ధర కాక, వచ్చిన సొమ్మును తూచిన కిలోలతో భాగించి రాసుకోవడం. హమాలీ రైతే భరిస్తే, దానిని కూడా ముందే తీసివేయాలి.

తరువాత, పోల్చే సరుకు ఒకటే అయి ఉండాలి. సార్వాలో (ఖరీఫ్‌లో) అమ్మిన స్వర్ణ రకం ధరను దాళ్వాలో (రబీలో) అమ్మిన ఎంటీయూ 1121 రకం ధరతో పోలిస్తే తేలేది రకాల తేడాయే గాని ధరలో మార్పు కాదు. రొయ్యలకు కౌంట్, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో రాయకుండా ధర రాయడం దండగ, ఎందుకంటే కిలోకు వంద తూగే రొయ్యకూ ముప్పై తూగే రొయ్యకూ ధరలో పోలికే లేదు. కొబ్బరికి పచ్చికాయ, కురిడీ (ఎండిన కొబ్బరి) వేర్వేరు వరుసలు కావాలి. ఇటుకకు బట్టీ దగ్గరి ధరే రాయాలి, ఇంటికి చేర్చిన ధర కాదు.

సేవల దగ్గరే చాలామంది తడబడతారు. వరికోత యంత్రానికి గంట లెక్కన కిరాయి ఇస్తారు. పైరు నిలబడి, నేల ఆరి ఉంటే గంటలో తెమిలే ఎకరం, తుపానుకు పైరు పడిపోయి మడిలో నీరు నిలిస్తే గంటన్నర పట్టవచ్చు. గంట కిరాయి మారకపోయినా రైతు ఖర్చు సగానికి సగం పెరుగుతుంది. ఇది ధర పెరుగుదల కాదు, పని పెరుగుదల. అందుచేత ‘ఆరిన చేలో, నిలిచి ఉన్న పైరు, చైను మిషన్‌తో, ఒక ఎకరం’ అని పనిని ముందుగా నిర్వచించుకుని, ప్రతి కోతకూ ఆ పనికి పడిన కిరాయినే అడిగి రాయాలి. నిర్మాణానికీ ఇదే వర్తిస్తుంది. మేస్త్రీ చదరపు అడుగుకు ఒప్పుకున్న రేటు కూలి మాత్రమేనా, సామానుతో సహానా అన్నది రాసుకోవాలి. ఇనుము, ఇసుక, సిమెంటు ధరలు అతని ఖర్చులు, వాటికి వేరే పుట ఉండాలి.

ఇక మొత్తం మీద ఎంత మారిందో తేల్చాలంటే సగటు చాలదు, భారాలు, అంటే మొత్తం రాబడిలో ఒక్కొక్క దాని వాటాలు కావాలి. ఒక కుటుంబానికి ఆధార సంవత్సరంలో, అంటే పోలికకు మొదలుగా తీసుకున్న ఏడాదిలో, ధాన్యం మీద రూ. 3 లక్షలు, కొబ్బరి మీద లక్ష, ట్రాక్టరు దమ్ము కిరాయి మీద లక్ష వచ్చాయనుకుంటే భారాలు 60, 20, 20. ధాన్యం ధర 5 శాతం పెరిగి, కొబ్బరి 10 శాతం తగ్గి, కిరాయి 8 శాతం పెరిగితే అవి వరుసగా 63, 18, 21.6 అవుతాయి. ఆధార సంవత్సరాన్ని 100గా తీసుకుంటే వాటి మొత్తం 102.6, దీనినే సూచీ అంటారు, అంటే పెరుగుదల 2.6 శాతం. మామూలు సగటు తీసినవారికి వచ్చేది ఒక్క శాతమే. సూచీ 150 నుంచి 153కు చేరితే అది మూడు పాయింట్లు, శాతంలో రెండేనన్నది కూడా మరచిపోకూడదు.

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ నెలనెలా ప్రకటించే టోకు ధరల సూచీతో మన లెక్కను పోల్చుకోవచ్చు గాని, దాని హద్దులు తెలిసి పోల్చాలి. 2011-12ను ఆధారంగా చేసుకుని 2017 మేలో విడుదలైన శ్రేణిలో 697 సరుకులున్నాయి. వాటి భారంలో తయారీ వస్తువులది 64.23 శాతం, ప్రాథమిక వస్తువులది 22.62 శాతం, ఇంధనం, విద్యుత్తులది 13.15 శాతం. అందులో సేవలు లేవు. కనుక దమ్ము కిరాయినీ లారీ బాడుగనూ దానితో తూచబోవడం అర్థం లేని పని. మొదట ప్రకటించే అంకె తాత్కాలికం, తరువాత సవరిస్తారు.

ఆ అంకెను చదివేటప్పుడు నిరుటి నెలను కూడా చూడాలి. టోకు ద్రవ్యోల్బణం, అంటే నిరుటి అదే నెలతో పోలిస్తే ఈ సూచీలో వచ్చిన మార్పు, 2022 మేలో 15 శాతం దాటింది, 2023 మేలో సున్నాకు దిగువన మూడున్నర శాతం దగ్గరకు పడింది. పడింది కదా అని ధరలు పాత చోటికి వచ్చాయనుకోరాదు, రెండేళ్ల మార్పును గుణించి చూస్తే 2021 మే కంటే అవి ఇంకా 11 శాతానికి పైగా ఎత్తునే ఉన్నాయి. అమ్మకమే లేని నెలల్లో గడిలో సున్నా వేయకుండా ఖాళీగా వదిలి, ధాన్యానికి మాత్రం సార్వాను నిరుటి సార్వాతోనూ, దాళ్వాను నిరుటి దాళ్వాతోనూ పోల్చుకోవాలి.