ఎర్రబడిన రంగుల ఫోటోలు: బరంపురం వైపు ఇళ్లలోని పాత ఆల్బమ్‌లను కాపీ చేసుకునే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో డెబ్భైల చివర, ఎనభైల్లో తీయించుకున్న రంగుల ఫోటోలు చాలావరకు ఇప్పుడు ఇటుక ఎరుపులోకి దిగిపోయాయి. పెళ్లి ఫోటోలను ఎవరైనా జాగ్రత్త చేస్తారు. ముందు కాపాడాల్సినవి మాత్రం అరుగు మీద బియ్యం ఏరుతున్నవీ, నూతి దగ్గర బట్టలుతుకుతున్నవీ, గుమ్మంలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడినవీ. నలుపు తెలుపులో చీర అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభాల వరుస కనబడుతుంది గానీ, అంచు ఏ రంగో, చీర ఏ రంగో తెలీదు. గోడకి వేసిన నీలం, గడప పసుపు, ప్లాస్టిక్ బిందె రంగు అన్నీ రంగు ఫోటోలోనే మిగిలాయి.

1907లో ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ గాజు పలకలు అమ్మకానికి తెచ్చారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు అద్ది పలక మీద పరిచేవారు. ఆల్బర్ట్ కాన్ అనే బ్యాంకరు 1909 నుంచి 1931 దాకా మనుషుల్ని దేశదేశాలకు పంపి అలాంటివి దాదాపు 72,000 తీయించాడు. ఈనాటికీ జనం వాటి ముందు ఆగేది సంతలో దుకాణాలు, వీధిలో మనుషులు, వాళ్ల బట్టలు చూసే. మన ఆల్బమ్‌లోనూ చూడవలసింది అదే. అందుకే కాపీ తీసేటప్పుడు మొహాల వరకు కత్తిరించొద్దు, నాలుగు అంచులూ రావాలి.

మొదట మీ దగ్గరున్నది నిజంగా రంగు ఫోటోయేనా చూసుకోండి. స్టూడియోల్లో నలుపు తెలుపు ఫోటోకి చేత్తో రంగులు వేయడం బాగా నడిచింది. భూతద్దం పెడితే పెదవుల ఎరుపు గీత దాటి పాకుతుంది, జుట్టు మాత్రం మామూలు నలుపులోనే ఉంటుంది. ఇలాంటివాటికి కింద చెప్పే రంగు సవరణ చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు కాపీ తీసుకోండి. రెండోది, స్టూడియో ఇచ్చిన కవర్లు, బీరువా సొరుగులు వెతికి నెగెటివ్ దొరుకుతుందేమో చూడండి. ప్రింటు ఎంత ఎర్రబడ్డా నెగెటివ్‌లో చాలాసార్లు రంగు ఇంకా ఉంటుంది. అది దొరికితే 2400 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) తగ్గకుండా స్కాన్ చేయించండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఆల్బమ్ విప్పడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కావడంతో వానాకాలపు గాలిలో తేమ ఎక్కువ. ఫోటో మీది జెలటిన్ పొర ఆ తేమ పీల్చి ఉబ్బి, దేనికి తగిలితే దానికి అతుక్కుంటుంది. జిగురు పేజీ, పైన ప్లాస్టిక్ కాగితం ఉండే ఆల్బమ్‌లలో ఫోటోని మూల పట్టుకు లాగితే మడత పడి పొర చిట్లుతుంది. మైనం పూయని, వాసన లేని పళ్ల దారం (డెంటల్ ఫ్లాస్) ఒక జానెడు తీసుకుని మూల కిందకి దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా కిందికి దించండి. రాకపోతే ఆపేసి పేజీతో సహా కాపీ తీయండి. ఫ్రేములో అద్దానికి అతుక్కున్న ఫోటోని అసలు ఊడదీయొద్దు, అద్దం మీంచే తీయాలి.

దుమ్ముకి మెత్తటి బ్రష్షూ రబ్బరు బుడ్డి గాలీ చాలు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. బూజు పట్టినచోట తడిగుడ్డ తగలనివ్వకండి. బూజు తిన్న జెలటిన్ నీళ్లకి కరిగిపోతుంది, గుడ్డకి బొమ్మే వచ్చేస్తుంది.

స్కానర్ ఉంటే 4×6 ప్రింటుకి 600 డీపీఐ, 48 బిట్ రంగు, టిఫ్ ఫైలు పెట్టండి. ఒక్కోటి 50 ఎంబీ పైన వస్తుంది, రానివ్వండి. జేపెగ్‌లా కుదించి దాచిన ఫైల్లో రంగు లాగితే ఆకాశం, గోడ మెట్లుమెట్లుగా విడిపోతాయి. స్కానర్‌లోని ఆటో రంగు, దుమ్ము తొలగింపు, షార్ప్ అన్నీ ఆపేయండి. పట్టులాంటి గరుకు కాగితం అయితే ఒకసారి తీసి, ఫోటోని తిప్పి తలకిందులుగా ఇంకోసారి తీసి, రెండూ సగం సగం కలిపితే గరుకు తగ్గుతుంది.

ఫోనే ఉంటే మధ్యాహ్నం వసారాలో, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద ఫోటో పెట్టండి. రంగు గోడకీ చెట్టుకీ దూరంగా ఉండాలి, లేకపోతే వాటి ఛాయ ఫోటోలోకి దిగుతుంది. ఫోన్ సరిగ్గా పైన, సమాంతరంగా ఉండాలి. మరీ దగ్గరికి వెళ్లకుండా రెండింతల లెన్సు వాడితే అంచులు వంగవు. మెరుపు కనబడితే ఫోన్ వెనక నల్లగుడ్డ అడ్డం పట్టండి. ఫోటో పక్కన తెల్ల కాగితం ముక్క ఒకటి ఫ్రేములో ఉండాలి. వెనక వైపు కూడా ఒకటి తీసుకోండి.

ఇక రంగు. రంగు ఫోటోలో నీలిపచ్చ, గులాబీ, పసుపు అని మూడు రంగుపొరలుంటాయి. ఆ కాలపు కాగితాల్లో నీలిపచ్చ పొర చీకట్లో దాచినా ముందు వెలిసిపోతుంది, దాంతో నీడలన్నీ ఎర్రబడతాయి. గోడ మీద వెలుతుర్లో వేలాడినవాటిలో సాధారణంగా గులాబీ పొర ముందు పోతుంది, అవి మరోలా పాలిపోతాయి. జింప్ అనే ఉచిత ఫోటో సవరణ సాఫ్ట్‌వేర్‌లో 'లెవెల్స్' తెరిచి ఎరుపు చానెల్ ఒక్కటే ఎంచుకోండి. గ్రాఫులో కొండ ఎడమవైపు ఖాళీ వదిలి మొదలవుతుంది. ఎడమనున్న నల్ల త్రికోణాన్ని కొండ మొదలయ్యే చోటికి జరపండి. కాగితం తెలుపు పసుపెక్కి ఉంటే నీలం చానెల్‌లో కుడి త్రికోణాన్ని కొండ ముగిసేచోటికి తెండి. తర్వాత ఆకుపచ్చ, చివరికి మధ్య త్రికోణాలు కొంచెం కొంచెంగా. చూపు జుట్టు మీద పెట్టండి. జుట్టు నీలిపచ్చగా తిరిగిందంటే ఎక్కువ లాగారు, వెనక్కి తెండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు గోడ. సున్నంలో నీలిమందు కలపడం, పంచెలకి నీలం పెట్టడం మామూలే కాబట్టి అవి కాస్త నీలంగా ఉండటమే నిజం. లెవెల్స్‌లో తెలుపును ఎంచుకునే గుర్తుతో, తెలుపు అనుకుని వాటి మీద నొక్కితే ఫోటో అంతా పసుపెక్కుతుంది. బూడిదరంగు గుర్తుకి అల్యూమినియం గిన్నె, స్టీలు చెంబు లాంటివి చూడండి. వాటికంటే మంచి కొలత ఇంట్లోనే దొరకొచ్చు. ఫోటోలోని పట్టుచీర ఇంకా ట్రంకుపెట్టెలో ఉంటే, ఎండ తగలని లోపలి మడత విప్పి, కంప్యూటర్ పక్కన పగటి వెలుతుర్లో పెట్టి, అంచు రంగు దానికి దగ్గరయ్యేదాకా సవరించండి. అంచు కుదిరితే మొహం రంగు కూడా చాలావరకు దానంతటదే కుదురుతుంది. మొహాన్ని విడిగా తెల్లబరచొద్దు. ఒక్క నొక్కుతో రంగులేసే యాప్‌లు ఊహించి వేస్తాయి, ఆ చీరకి ఏదో ఒక రంగు పెడతాయి, మనవళ్లు అదే నిజమనుకుంటారు. పూర్తిగా పోయిన పొర ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. అక్కడ ఆగిపోండి. మొదటి టిఫ్‌ని ముట్టుకోకుండా, సవరించినది వేరే పేరుతో దాచండి.

పేర్లు రాసే పని పెద్దవాళ్లు ఉండగానే పూర్తిచేయాలి. ఈ వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ, బడి ఒడియాలో చదివినవాళ్లు ఎక్కువ. అందుకని పేరు, వరస, ఊరు, వీధి తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్ర ఫోటో అయితే ఏ ఏటి యాత్రో అడగండి. రెండేళ్లకోసారి జరుగుతుంది కాబట్టి పిల్లల వయసు కలిపి చూస్తే ఏడాది తేలుతుంది. ఫోటో పక్కన పెట్టుకుని మామ్మ చెప్పేది ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. ప్లాస్టిక్ పూత కాగితం వెనక బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీత లేస్తుంది, వివరాలు కవరు మీద రాసి తర్వాత ఫోటో లోపల పెట్టండి.

దాచేది పాలిప్రొపిలీన్ కవర్లలో. ఘాటు వాసనొచ్చే పీవీసీ కవర్లు ఫోటోకి అంటుకుంటాయి. అటక వేడెక్కుతుంది, నేల చెమ్మ పడుతుంది, బీరువా నడిమి అర మేలు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి, దాని రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ పెట్టండి.

తుపాను నీళ్లు వస్తాయన్నది ఈ తీరానికి కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆల్బమ్ తడిస్తే రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అంటుకున్నవాటిని లాగకుండా శుభ్రమైన చన్నీళ్లలో ఉంచితే చాలావరకు విడిపోతాయి. బొమ్మ పైకి ఉండేలా నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి, ఎండలోనూ వేడిగాలికీ వద్దు. అప్పటికప్పుడు తీరిక లేకపోతే మధ్యలో మైనం కాగితాలు పెట్టి, సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు కొన్ని కొన్ని చొప్పున తీసి, కరిగాక విడదీసుకోవచ్చు.