డ్రైవింగ్ టెస్ట్ పోతోందా? ముందు పక్క సీట్లో వాళ్ళ కాళ్ళు చూడండి

బెజవాడలో చాలా ఏళ్ళు కారు నేర్పా. ఫెయిలై వచ్చి "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కావాలనే పోగొట్టాడన్నా" అనేవాళ్ళని నేను మొదట అడిగేది ఒకటే, ఎక్కగానే సీటు జరుపుకున్నావా, అద్దాలు సరిచేసుకున్నావా, బెల్ట్ పెట్టావా అని. చాలామంది మొహం తేలేస్తారు. ఇంత చిన్నదానికి ఫీజూ రోజూ రెండూ పోగొట్టుకుంటారేంటండీ!

టెస్ట్‌లో హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్‌లో రివర్స్ వస్తూ గీత తొక్కుతున్నారా? ముందుకెళ్ళి ఆగినప్పుడు స్టీరింగ్ తిరిగే ఉంటుంది, అది చూసుకోకుండా రివర్స్ వేసేస్తారు. చక్రాలు నేరుగా పెట్టుకుని, యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్ మీదే మెల్లగా రండి.

బైక్ టెస్ట్‌లో ఎనిమిది అంకెలా తిప్పేటప్పుడు కాలు కింద పడుతోందంటే ముందు చక్రాన్ని చూస్తున్నట్టే. చూపు తిరగబోయే వైపు ఉండాలి.

ఇక అసలుది. స్కూల్ కార్లో బ్రహ్మాండంగా తోలినోళ్ళే, టెస్ట్ రోజు ఇంట్లో కారో మామయ్య కారో తీసుకెళ్ళి ఎత్తు మీద ఆపి కదిలించబోతే బండి ఆఫ్ అయిపోద్ది, లేదా వెనక్కి జారుద్ది. అందరూ టెన్షన్ అంటారు. కాదండీ. స్కూల్ కార్లో పక్క సీటు దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి, మీ పెడల్స్‌కే కలిపి ఉంటాయి, బండి ఆగిపోబోతుంటే నేర్పేవాడి కాలు అలవాటుగా తొక్కేస్తది.

నేనూ చేశా ఆ తప్పు. ఒకమ్మాయి నా దగ్గర నేర్చుకున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా బండి ఆఫ్ చెయ్యలా, టెస్ట్‌లో మాత్రం వాలు మీద వరసగా మూడుసార్లు ఆఫ్. "సార్, మీ కార్లో క్లచ్ దానంతటదే కిందకెళ్ళేది కదా, ఇందులో వెళ్ళలేదు" అంది ఏడుస్తూ. తప్పు నా కాలిది, ఫెయిలైంది ఆ పిల్ల. ఇప్పటికీ బాధే.

ఏం చెయ్యాలంటే, చివరి వారం ఖాళీ రోడ్డు మీద సార్ని రెండు కాళ్ళూ వెనక్కి తీసుకుని, చెయ్యి హ్యాండ్ బ్రేక్ దగ్గర ఉంచుకుని కూర్చోమనండి. పొద్దున్నే మొగల్రాజపురం కొండ పక్క సందుల్లోనో, కాలవ గట్టు ఎక్కే వాలు దగ్గరో ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి ఫస్ట్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి, ఇంజిన్ సౌండ్ బరువెక్కి బానెట్ కాస్త లేచినట్టవుద్ది, కాలు అక్కడే బిగబట్టి కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. వరసగా పదిసార్లు కుదిరేదాకా చెయ్యండి. టెస్ట్‌కి తీసుకెళ్ళే కార్లో కూడా ఇదే చెయ్యాలి, ఒక్కో బండికి క్లచ్ పట్టే చోటు ఒక్కోలా ఉంటది. పక్కన లైసెన్స్ ఉన్నవాళ్ళు, ముందూ వెనకా ఎల్ బోర్డు తప్పనిసరి.

క్లచ్ ప్లేట్ అరిగిందనో, ట్రాక్ బాలేదనో ఆలోచించకండి, అవి ఎప్పుడో ఒకసారి.

టెస్ట్‌కి వెళ్ళాలంటే ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్) వచ్చాక 30 రోజులు నిండాలి, అది 6 నెలలే పనిచేస్తది. టెస్ట్ పోతే 7 రోజులాగి మళ్ళీ వెళ్ళొచ్చు, మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాల్సిందే. అందుకే మొదటిసారి పోగానే ఆ 7 రోజులూ వాలు మీదే తిప్పండి.