ట్రైనింగ్‌లో కూర్చున్నప్పుడు షాపు ఫోన్లు తగ్గాలంటే

రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున వ్యాపారుల శిక్షణకు రెండు రోజులు వెళ్లినా మనసు షాపు మీదే ఉంటుంది. "అన్నా, ఈ బిల్లుకు ఎంత తగ్గించమంటావ్?" అని గంటకోసారి ఫోన్.

బయల్దేరే ముందు రోజే కౌంటర్లో కూర్చునే మనిషికి చీటీ రాసివ్వండి. 5 శాతం దాకా తగ్గింపు, రూ. 2,000 లోపు ఖర్చు తనే తేల్చుకోవచ్చు. మిగతావన్నీ కలిపి ఉదయం 11కి, సాయంత్రం 4కి ఒక్కో వాట్సాప్ మెసేజ్‌గా పెట్టమనండి. టీ విరామంలో వాయిస్‌లో జవాబిచ్చేయొచ్చు. వెంటవెంటనే రెండుసార్లు మోగితేనే అర్జెంటని ముందే అనుకోండి. చీటీ గల్లాపెట్టె దగ్గర అంటించాలి, నోటిమాటగా చెబితే నిలవదు.

ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చే పనులకు మాత్రం ఇది కుదరదు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు 11, 20 తేదీలు గడువు కాబట్టి, ఆ పని ముగించుకునే బయల్దేరండి.