వెర్షన్ ఖాళీగా వస్తే ఏం చేయాలి: డెబియన్ స్క్రిప్టులు రాసేవాళ్లకు

మా ల్యాబ్‌లో డెబియన్ అనే లినక్స్ నడిచే మెషీన్లు 40 ఉన్నాయి. వాటిలో పాతబడిన ప్యాకేజీలను వెతికి అప్‌గ్రేడ్ చేసే షెల్ స్క్రిప్టు నేనే రాశాను. ఒకసారి అపాచీ అనే వెబ్ సర్వర్‌కు సెక్యూరిటీ ఫిక్స్ వస్తే దాన్ని అన్ని మెషీన్ల మీదా నడిపాను. సాయంత్రం చూస్తే, అసలు అపాచీయే లేని మెషీన్లలో కూడా వెబ్ సర్వర్ లేచి కూర్చుంది, పోర్ట్ 80 తెరుచుకుని ఉంది. ఉన్న తలుపు బాగుచేద్దామని వెళ్లి కొత్త తలుపులు పెట్టి వచ్చానన్న మాట.

తప్పు నాదే. లేని ప్యాకేజీకి వెర్షన్ ఖాళీగా వస్తుంది. డెబియన్‌లో ప్యాకేజీలను చూసుకునే డీపీకేజీ అనే టూల్‌లో రెండు వెర్షన్లను పోల్చే కమాండ్‌కు 'ఎల్‌టీ' (అంటే 'దీనికంటే పాతదా?') ఇస్తే, ఖాళీ వెర్షన్ అన్నిటికంటే పాతదని లెక్క. 'ఎల్‌టీ-ఎన్‌ఎల్' ఇస్తే అదే ఖాళీ అన్నిటికంటే కొత్తది. మాన్యువల్‌లో ఇది స్పష్టంగా ఉంది. లేనిదాన్ని ఎటు లెక్కేయాలో మనమే తేల్చుకోవాలి. నేను తేల్చుకోకుండా 'ఎల్‌టీ' రాశాను, లేని అపాచీని పాతదనుకుని స్క్రిప్టు ఇన్‌స్టాల్ చేసేసింది.

అందుకే ముందు వెర్షన్ అడగకండి, స్టేటస్ అడగండి. ప్యాకేజీ వివరాలు చెప్పే డీపీకేజీ-క్వెరీ కమాండ్‌కు అసలు తెలియని పేరిస్తే ఎర్రర్ చెప్పి, ఎగ్జిట్ కోడ్ 1 ఇస్తుంది (కమాండ్ ముగిశాక ఇచ్చే నంబరు ఇది; 0 అంటే సరే). ఇది సులువు. వేరే ప్యాకేజీ ఎక్కడో ప్రస్తావించడం వల్ల పేరు మాత్రమే తెలిసి ఉంటే, ఎగ్జిట్ కోడ్ 0 వస్తుంది, వెర్షన్ మాత్రం ఖాళీ. కోడ్ ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ఇంకోటి దీనికి తలకిందులు: పర్జ్ చేయకుండా (అంటే కాన్ఫిగ్ ఫైళ్లతో సహా తుడిచేయకుండా) రిమూవ్ చేసిన ప్యాకేజీకి కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలుంటే, వెర్షన్ నంబరు చక్కగా కనిపిస్తుంది, ప్యాకేజీ మాత్రం ఉండదు. స్టేటస్‌లో 'ఇన్‌స్టాల్ ఓకే ఇన్‌స్టాల్డ్' అని ఉంటేనే వెర్షన్‌ను నమ్మండి.

ఖాళీ చోట '0' నింపేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. డెబియన్ వెర్షన్ల వరసలో టిల్డె (~) గుర్తు ఖాళీ కంటే కూడా ముందు వస్తుంది, అంటే ఇంకా పాతదని లెక్క. కాబట్టి '0~గిట్' అని మొదలయ్యే నిజమైన వెర్షన్ '0' కంటే పాతదవుతుంది. అంటే లేని ప్యాకేజీ, ఉన్నదాని కంటే కొత్తదైపోతుంది. రిపోర్టు జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో ఇస్తుంటే వెర్షన్ చోట నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) పెట్టి, పక్కనే స్టేటస్ కూడా రాయండి. చదివేవాళ్లకు 'లేదు' వేరు, 'తెలియలేదు' వేరు.

షెల్‌లో ఇంకో ప్రమాదం. వేరియబుల్ చుట్టూ కోట్స్ పెట్టకపోతే, ఖాళీ విలువ ఆర్గ్యుమెంట్ల లెక్కలోంచే మాయమవుతుంది. పోల్చే కమాండ్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు కావాలి, రెండే అందుతాయి, ఎగ్జిట్ కోడ్ 2 వస్తుంది. 'ఇఫ్' దృష్టిలో 1 అయినా 2 అయినా ఒకటే, రెండూ 'కాదు' కిందికే వస్తాయి. అప్‌గ్రేడ్ కావాల్సిన మెషీన్ చడీచప్పుడు లేకుండా మిగిలిపోతుంది. కోట్స్ పెట్టండి, 2ను విడిగా పట్టుకుని స్క్రిప్టు ఆపేయండి.

అప్‌గ్రేడ్ చేసే లైనులో, ప్యాకేజీలను ఎక్కించే ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ కమాండ్‌కు 'ఓన్లీ-అప్‌గ్రేడ్' ఆప్షన్ తప్పకుండా చేర్చండి. అప్పుడు పైన ఎక్కడ పొరపాటు జరిగినా, లేని ప్యాకేజీ కొత్తగా ఎక్కదు.

ఇప్పుడు నేను ఏ స్క్రిప్టునైనా ముందు ఒక్క మెషీన్‌లోనే, నాలుగు పేర్లతో నడుపుతాను: ఇన్‌స్టాలై ఉన్నది, పర్జ్ చేయకుండా తీసేసినది, పేరు మాత్రమే తెలిసినది, అక్షరాలు తప్పుగా రాసినది. నాలుగింటికీ నాలుగు వేర్వేరు జవాబులు వచ్చాకే మిగతా 39 మెషీన్ల జోలికి వెళ్తాను.