ఎలుక మెదడు స్లైడులో మైక్రోగైరస్‌ని గుర్తుపట్టడం

ఎలుకపిల్ల మెదడుకి చలితో దెబ్బ తగిలించి, మైక్రోగైరస్ అనే అసహజమైన చిన్న మడత ఏర్పడేలా చేసే పద్ధతే ఫ్రీజ్ లీజన్ మోడల్. దాంతో పని మొదలుపెట్టే వాళ్లకి సర్జరీ అంటేనే టెన్షన్. నేను చూసినంతలో తప్పులు ఎక్కువ జరిగేది మాత్రం మైక్రోస్కోపు దగ్గరే.

మోడల్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతితో, మత్తులో ఉన్న ఎలుకపిల్ల పుర్రె మీద పుట్టిన రోజో మర్నాడో బాగా చల్లబరిచిన లోహపు కడ్డీని కొన్ని సెకన్లు ఆనిస్తారు. 1977లో ద్వోరాక్, ఫైట్ అనే పరిశోధకులు ఈ దెబ్బ తర్వాత కణాల వలస ఎలా సాగుతుందో చూపించారు. అప్పటికే కింది పొరల్లో కుదురుకున్న న్యూరాన్లు చనిపోతాయి. పై పొరలవి ఇంకా దారిలో ఉంటాయి కాబట్టి, దెబ్బ తిన్న చోటు దాటుకుని పైకి వెళ్లి స్థిరపడతాయి. అందుకే ఆరు పొరల కార్టెక్స్ (మెదడు పై భాగం) బదులు నాలుగు పొరల మడత మిగులుతుంది. అదే మైక్రోగైరస్. మనుషుల్లో మెదడు మీద చిన్న చిన్న మడతలు మరీ ఎక్కువగా ఏర్పడే లోపం పాలీమైక్రోగైరియా; అందులో ఒక రకం ఇలాగే ఉంటుంది. ఆ లోపంతో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఫిట్స్ వస్తాయి. మనం చూసే ప్రతి స్లైడూ వాళ్ల కోసమే.

మెదడుని సెక్షన్లుగా, అంటే పల్చటి ముక్కలుగా, కోసేముందే దెబ్బ లేని వైపు సన్నటి సూదితో ఒక చిల్లు పెట్టండి. బ్రష్‌తో స్లైడు మీదికి ఎత్తేటప్పుడు సెక్షన్ తిరగబడిందంటే కుడి ఎడమలు తెలిసేది ఆ చిల్లుతోనే. కణాలకి ఊదా రంగు పట్టించే క్రెసిల్ వయొలెట్ వేశాక, అదనపు రంగు తీసే యాసిడ్ ఆల్కహాల్‌లో ఎక్కువసేపు ఉంచొద్దు. రంగు మరీ దిగిపోతే కణాలున్న చోటు కూడా ఖాళీగా కనిపిస్తుంది.

స్లైడు పెట్టగానే ముందు బాగున్న వైపు చూడండి. ఆరు పొరలూ కంటికి అలవాటయ్యాకే రెండో వైపుకి రండి. పైన లేత రంగు మొదటి పొర గుంటలోకి దిగుతుంది. దాని కింద చిక్కటి ఊదా రంగు కణాల పట్టీ, ఆ కింద కణాలు దాదాపు లేని సన్నటి చార, అట్టడుగున పల్చటి కణాల వరస. ఆ ఖాళీ చార కనిపించే వరకూ మైక్రోగైరస్ అని రాయకండి.

మొదటి ఏడాదిలో ఒక అందమైన మడత చూసి పరుగున మా సర్‌ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక్కటే అడిగారు: "పక్క సెక్షన్ ఏదమ్మా?" పక్కదాంట్లో మడత లేదు. స్లైడు మీద పరిచేటప్పుడు సెక్షన్ ముడుచుకుందంతే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినబుద్ధి కాలేదు. 40 మైక్రాన్ల సెక్షన్లయితే, ఒక్క మిల్లీమీటరు పొడవున్న మైక్రోగైరస్ కూడా వరసగా 25 సెక్షన్లలో కనబడాలి. అందుకే సెక్షన్లని వరస తప్పనివ్వకండి. లెక్కపెట్టేటప్పుడు లేబుళ్ల మీద వేరేవాళ్ల చేత టేపు వేయించండి. స్లైడు దెబ్బ తిన్న గ్రూపుదో కాదో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది.

మడత దొరికిందని అక్కడే ఆగిపోవద్దు. 1996లో జేకబ్స్, గట్నిక్, ప్రిన్స్ చూపించినదాని ప్రకారం ఫిట్స్ లాంటి చర్య మడత పక్కన, పొరలు మామూలుగానే కనిపించే కార్టెక్స్‌లో కూడా పుడుతుంది. కాబట్టి అంచు ఎక్కడుందో గుర్తుపెట్టి, అక్కణ్ణించి రెండు మిల్లీమీటర్ల దాకా ఫొటోలు తీసి పెట్టుకోండి.