సల్కాటా తాబేళ్లను ఒకే దొడ్లో పెంచాలంటే

తాబేలుకు తోడు అక్కర్లేదు. ఒంటరిగా ఉందని జాలిపడి రెండోదాన్ని తెచ్చి కలిపినప్పుడే చాలా ఇళ్లలో తిప్పలు మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే మనకు ముద్దుగా ఉంటుంది. నిజానికి అది వెచ్చటి చోటు కోసం, మేత కోసం పోటీ. రెండే ఉంటే బలమైనదాని ఒత్తిడంతా రెండోదాని మీదే పడుతుంది. కరవనక్కర్లేదు; వెంటపడి, దారికి అడ్డం నిలిస్తే చాలు, బలహీనమైనది మేత మానేసి మూల చేరుతుంది.

కాబట్టి ఒక్కటే పెంచండి, లేదంటే ఒక మగది, కనీసం మూడు ఆడవి. రెండు మగవి ఒకే గోడ లోపల ఎన్నటికీ కుదరవు. గొంతు కింద ముందుకు పొడుచుకొచ్చిన డిప్పతో కుమ్మి ఎదుటిదాన్ని వెల్లకిలా పడేస్తాయి. మే నెల ఎండలో అలా పడ్డది లేవలేక కొద్దిసేపట్లోనే చచ్చిపోవచ్చు. డిప్ప 14 అంగుళాలు వచ్చేదాకా ఆడామగా నమ్మకంగా తేలదు గనక, పిల్లల్ని తెచ్చేనాడే విడదీసి పెట్టడానికి చోటు చూసుకోవాలి.

జాతి సంగతి కూడా ముందే తేలాలి. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణతో అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లోకి వెళ్లింది. సల్కాటా ఆఫ్రికాలోని సాహెల్ ఎండునేలల జీవి. దాన్ని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. రెండు జాతుల్ని మాత్రం కలపకండి. ఒక జాతి ఏ బాధా లేకుండా మోసే క్రిములు ఇంకో జాతిని చంపగలవు.

కొత్తగా వచ్చినదాన్ని 90 రోజులైనా విడిగా ఉంచాలి. దాని గిన్నె, చీపురు వేరు. పాతవాటి పని ముగించాకే దాని దగ్గరికి వెళ్లాలి. నెల తేడాతో రెండుసార్లు పెంటను పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. పురుగులుంటే డాక్టరు సాధారణంగా ఫెన్‌బెండజోల్ రాస్తారు. గొర్రెలకు, మేకలకు వేసే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. మన అనంతపురం ప్రాంతంలో అది పశువుల మందుల షాపుల్లో దొరుకుతుంది, కాబట్టి ఈ మాట డాక్టరుకు ముందే గుర్తుచేయడం మంచిది.

స్థలం విషయంలో పిసినారితనం వద్దు. ఎదిగిన సల్కాటా 40 కిలోలు కూడా దాటొచ్చు. ఒక్కటే ఉంటే రెండు సెంట్లకు, నాలుగింటి గుంపుకు ఆరు సెంట్లకు తగ్గకూడదు. చుట్టూ కడప బండలో తాడిపత్రి బండలో నిలువుగా పాతండి: భూమిలో అడుగున్నర, పైకి రెండడుగులు, సందులకు సిమెంటు. ఇనుప జాలీ పనికిరాదు. అవతల కనిపిస్తున్నంతసేపూ తాబేలు దాన్ని తోస్తూనే ఉంటుంది, కాళ్లు ఇరుక్కుంటాయి. నేల మీద మాత్రం బండలు పరవకండి. నల్లబండ మధ్యాహ్నానికి కాలిపోతుంది, మట్టినేలే మేలు.

మూలలు వదిలేస్తే తరుముడు పడ్డది అక్కడ ఇరుక్కుపోతుంది. ప్రతి మూలకూ ఒక బండ ఏటవాలుగా నిలిపి మూసేయండి. లోపల రెండడుగుల మట్టికట్టలు, రాళ్ల గుట్టలు, మందార పొదలు వేస్తే ఒకదానికొకటి కనబడవు. గొడవల్ని ఇంతగా తగ్గించేది ఇంకొకటి లేదు.

ఎండదేశపు జీవే కదా అని బయలులో వదిలేస్తే అనంతపురం వేసవికి తట్టుకోలేదు. దాని సొంత దేశంలోనూ అది ఎండవేళ లోతైన బొరియలోనే గడుపుతుంది. రెండడుగుల లోతు గుంత తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన బండ కప్పి, దాని మీద అడుగున్నర మట్టి వేయండి. వెడల్పు డిప్ప పొడవుకు రెండింతలు ఉండాలి, లేకపోతే లోపల తిరగలేదు. ద్వారం తూర్పుకో ఉత్తరానికో పెట్టి, ముందు ఆరంగుళాల కట్ట వేస్తే వాననీళ్లు దిగవు. మధ్యాహ్నం మూడింటికి లోపల థర్మామీటరు 32 డిగ్రీలు దాటితే పైకప్పు మట్టి మందం పెంచి, సాయంత్రాలు తడపండి. నాలుగు తాబేళ్లకు ఇలాంటివి ఐదు కావాలి. ఒకే పెద్ద గది కడితే అన్నీ ఒక మూలకే చేరి, అడుగుదానికి కదిలే వీలుండదు. సొంతంగానూ తవ్వుతాయి గనక దొడ్డి ఇంటి పునాదికి పదడుగుల దూరంలో ఉండాలి.

సల్కాటాకు శీతనిద్ర లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో తడిలేని గదిలో, థర్మోస్టాట్ తగిలించిన సిరామిక్ హీటరుతో 25 డిగ్రీలు ఉంచండి. చలి, తడి కలిస్తే ముక్కు కారడం, ఊపిరితిత్తుల జబ్బు వస్తాయి.

మేతలో పదింట తొమ్మిది పాళ్లు గడ్డే: గరిక, ఎండుగడ్డి. మిగతాది మందార ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు, మల్బరీ ఆకు. మల్బరీ తోట నుంచి తెస్తే మందు ఎప్పుడు కొట్టారో అడగాలి. వేరుశనగ కట్టెలో (కాయలు తీసిన ఎండు మొక్కలో) మాంసకృత్తులు ఎక్కువ, రోజూ వద్దు. లేత జొన్నపైరులో సైనైడ్ విషం ఉంటుంది, అసలే వద్దు. అన్నం, పండ్లు, పాలకూర కూడా పెట్టకండి. మేతను ఒకే కుప్పగా పోయకుండా తాబేళ్ల కన్నా ఒకటి ఎక్కువగా కుప్పలు చేసి, ఎనిమిదడుగుల ఎడంతో వేయండి.

పిల్లల్ని పెద్దవాటితో కలపకూడదు, తొక్కేస్తాయి. నాలుగడుగులు ఎనిమిదడుగుల తొట్టి, తేమగా ఉంచిన మట్టి, పైన కాకులు, పందికొక్కులు దూరకుండా జాలీ కావాలి. మన పొడిగాలిలో తేమ లేకుండా పెరిగితే డిప్ప గుట్టలు గుట్టలుగా లేస్తుంది. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం దాకా మునిగేలా, ఒక్కోదాన్ని విడిగా ఉంచండి. అందులోనే తాగుతాయి, అందులోనే పెంటవేస్తాయి. కలిపి ఉంచితే ఒకదాని పురుగులు అన్నిటికీ అంటుకుంటాయి.

పిల్లల్ని వారానికోసారి, పెద్దవాటిని నెలకోసారి తూకం వేసి రాసుకోండి. అన్నీ పెరుగుతుంటే ఒకటి ఆగిపోయినా, వెనక కాళ్ల మీద గాట్లు కనిపించినా, మేతవేళ ఒకటి గూట్లోంచి రాకపోయినా ఆరోజే విడదీయాలి. నాలుగు రోజులాగి మళ్లీ కలిపితే మళ్లీ అదే జరుగుతుంది. విడదీసినవి విడిగానే ఉండాలి. చోటు చాలకపోతే, నమోదు కాగితాలు మార్పించి ఇంకొకరికి ఇవ్వండి. గుట్టల్లో వదిలితే దాని జబ్బులు అడవి నక్షత్ర తాబేళ్లకు అంటుతాయి.