లాటిన్ పాఠాలు – 6: నిగెర్ నుంచి నిగెల్లుస్

గత పాఠంలో నిగెర్, నిగ్ర, నిగ్రుమ్ (నల్లని) విభక్తులు నేర్చుకున్నాం. ఈసారి దాని అల్పార్థక రూపం (చిన్నతనాన్నో, కొంచెమనో చెప్పేది) చేద్దాం: నిగెల్లుస్, ‘కాస్త నల్లని’.

అల్పార్థకానికి మామూలు ప్రత్యయం -ఉలుస్. పర్వుస్ (చిన్న) పర్వులుస్ అవుతుంది. ప్రత్యయానికి ముందు ఎ గానీ ఇ గానీ ఉంటే -ఒలుస్ వస్తుంది: ఔరెయుస్ (బంగారు), ఔరెయొలుస్. ఈ లెక్కన నిగ్రులుస్ అని రాయబుద్ధేస్తుంది. అది తప్పు.

కారణం చరిత్రలో ఉంది. ప్రాతిపదిక నిగ్రొ-, ప్రత్యయం -లొ-. రెండూ కలిస్తే *నిగ్రొలొస్. నడిమి ఒ పడిపోయి *నిగ్ర్‌లొస్ అయింది. అన్ని హల్లులు ఒక్కచోట నోరు తిరగవు కాబట్టి ర్ ముందు ఎ పుట్టింది: *నిగెర్‌లొస్. తర్వాత ర్ పక్కనున్న ల్‌గా మారిపోయింది, చివరి -ఒస్ -ఉస్ అయింది: నిగెల్లుస్. చుక్క గుర్తున్నవి భాషావేత్తలు ఊహించి కట్టినవి.

మిసెర్ (దీనుడైన) కూడా ఇలాగే మిసెల్లుస్ అవుతుంది. ఇందులో పరిమాణం ఏమీ లేదు, ‘అయ్యో పాపం’ అనే జాలి ఉంది. బొనుస్ (మంచి) పాత రూపం దువెనొస్. దాని అల్పార్థకంలో దు-వ కలిసి బ, న్-ల కలిసి ల్ల అయి బెల్లుస్ (అందమైన) వచ్చింది. ఇటాలియన్ బెల్లో దాని వారసుడే.

లింగం నామవాచకాన్ని బట్టి మారుతుంది, దాని చివరి అక్షరాన్ని బట్టి కాదు. పొయేత (కవి) అకారాంతమైనా పుంలింగం. కనుక పొయేత మిసెల్లుస్ అనాలి, మిసెల్ల అనకూడదు.

ఊనికకు, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో తెలియడానికి, మన ఛందస్సు చాలు. చివరినుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దానిమీదే, లఘువైతే దాని ముందు అక్షరం మీద. ద్విత్వానికి ముందున్న గె గురువు కాబట్టి ని-గెల్-లుస్‌లో నడుమ ఒత్తు. పర్వులుస్‌లో వు లఘువు, అందుకని ఒత్తు పర్ మీద. ల్ల బదులు ల రాస్తే ఉచ్చారణే మారిపోతుంది.

కలోంజీ (నల్ల జీలకర్ర) శాస్త్రీయ నామం, 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన నిగెల్ల సతీవ. ఇందులో నిగెల్ల అన్నది నిగెల్లుస్ స్త్రీలింగ రూపమే. గింజ నలుపే పేరుకు కారణం. సతీవ (విత్తి పండించేది) దానితో లింగంలో కలుస్తుంది. అదే ప్రజాతిలోని నిగెల్ల అర్వెన్సిస్‌లో -ఇస్ తప్పు కాదు: మూడో విభక్తి వర్గంలో ఇలా -ఇస్ అంతమయ్యే విశేషణాలకు పుం, స్త్రీ రూపాలు ఒకటే.

అభ్యాసం: పుల్ఖెర్ (అందమైన), తెనెర్ (లేత), ఎబ్రియుస్ (తాగిన) అల్పార్థకాలు రాయండి. జవాబులు: పుల్ఖెల్లుస్, తెనెల్లుస్, ఎబ్రియొలుస్. మూడోదానిలో ర్ కనిపించినా, నిగ్రొ-లోలా దాని వెంటనే ఒ రాదు. మధ్యలో ఇ ఉంది, అందుకే -ఒలుస్.